చిప్ ప్యాకేజింగ్ ఫ్యాక్టరీకి సొంత కరెంటు: డీజీలకు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు అర్థం కావడానికి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. తిరుపతి పక్కన ఏర్పేడు దగ్గర చిప్ ప్యాకేజింగ్, టెస్టింగ్ యూనిట్ (తయారైన చిప్‌లకు తీగలు కలిపి, పైన రెసిన్ పోసి, పరీక్షించే చోటు) పెడుతున్నారు, మొదటి దశలో లోడు 8 మెగావాట్లు, 33 కేవీ మీద రెండు ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్లు) ఇస్తామన్నారు. మీ మేనేజర్ 2 మెగావాట్ల డీజీలు (డీజిల్ జనరేటర్లు) నాలుగు పెట్టేస్తే చాలంటున్నాడు. కన్సల్టెంట్ మాత్రం గ్యాస్ ఇంజన్లతో సొంత పవర్ ప్లాంట్ కట్టేద్దాం, గ్రిడ్‌తో పనే ఉండదు అంటున్నాడు. "అన్నా, ఇద్దరిలో ఎవరు కరెక్టు?" అని అడిగావు.

నా లెక్కలో ఇద్దరూ అసలు విషయం వదిలేసి మాట్లాడుతున్నారు. ఇద్దరూ ఎన్ని మెగావాట్లు, ఎన్ని గంటలు అనే ఆలోచిస్తున్నారు. చిప్ ఫ్యాక్టరీని ముంచేది గంటల తరబడి కరెంటు పోవడం కాదు, రెప్పపాటు కాలం ఓల్టేజీ పడిపోవడం. ఆ రెప్పపాటుకు నాలుగు డీజీలూ పనికిరావు, కన్సల్టెంట్ చెప్పిన గ్యాస్ ఇంజన్లు కూడా సరిగ్గా కట్టకపోతే పనికిరాకపోగా వాటితోనే కొత్త ట్రిప్పులు (యంత్రాలు తమంతట తాము ఆగిపోవడం) మొదలవుతాయి. నేను ఇరవై నాలుగేళ్లుగా ఫ్యాక్టరీల ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లోనే ఉన్నాను, మొదట చిత్తూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో, తర్వాత శ్రీసిటీలో రెండు ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో. కాబట్టి పుస్తకంలో ఉన్నదానికంటే కళ్లతో చూసిందే ఎక్కువ చెప్తాను.

2019 మే నెలలో ఒక రాత్రి. వాన ఇంకా పడలేదు, తూర్పున మెరుపులు మాత్రం ఉన్నాయి. రెండున్నర ప్రాంతంలో కంట్రోల్ రూంలో ట్యూబ్‌లైట్లు ఒక్కసారి మినుక్కుమన్నాయి, అంతే. సెక్యూరిటీ గదిలో తిరుగుతున్న ఫ్యాన్ కూడా ఆగలేదు. కానీ ఒక్క నిమిషంలో ఫోన్లు మొదలయ్యాయి. రెండు చిల్లర్లు (నీళ్లను చల్లబరిచే యంత్రాలు) ఆగిపోయాయి, కంప్రెసర్ ఆగిపోయింది, క్లీన్‌రూంకు (దుమ్ము లేని గదికి) గాలి పంపే ఎయిర్ హ్యాండ్లర్లలో సగం ఆగిపోయాయి, డీఐ వాటర్ (లవణాలు తీసేసిన శుద్ధమైన నీళ్లు) పంపు ట్రిప్ చూపిస్తోంది. మీటర్ రికార్డు తీస్తే ఓల్టేజీ 58 శాతానికి పడింది, 110 మిల్లీసెకన్లలో, అంటే సెకనులో దాదాపు తొమ్మిదో వంతులో, మళ్లీ మామూలైంది. పక్క ఫీడర్ మీద ఎక్కడో పిడుగు పడింది, అక్కడి బ్రేకర్ తన పని తాను చేసింది, మా లైను అసలు ట్రిప్పే కాలేదు. చిల్లర్ ఒకసారి ఆగితే దాని టైమర్ వెంటనే మళ్లీ స్టార్ట్ కానివ్వదు కదా, అన్నీ సర్దుకుని లైను మళ్లీ నడిచేసరికి తెల్లవారి ఐదున్నర దాటింది. 110 మిల్లీసెకన్ల డిప్‌కు (ఓల్టేజీ అలా పడి లేవడానికి) మూడు గంటల ఉత్పత్తి పోయింది. ఆ మూడు గంటలూ మా డీజీలు చల్లగా నిలబడే ఉన్నాయి. వాటికి స్టార్ట్ సిగ్నల్ వెళ్లాలంటే ఓల్టేజీ రెండు సెకన్లు లేకుండా పోవాలి, ఆ సెట్టింగ్ తప్పేమీ కాదు కూడా.

ఇది మన ప్రాంతపు కష్టం మాత్రమే అనుకోకు. 2010 డిసెంబరులో జపాన్‌లో తోషిబా యొక్కైచి ఫ్లాష్ మెమరీ ఫ్యాక్టరీలో 0.07 సెకను పాటు ఓల్టేజీ పడింది. మన 50 హెర్ట్జ్‌లో లెక్కేస్తే మూడున్నర సైకిళ్లు. దానికి తర్వాతి రెండు నెలల సరఫరా 20 శాతం దాకా తగ్గవచ్చని కంపెనీయే ప్రకటించింది. అదే ఊళ్లో 2019 జూన్‌లో 13 నిమిషాలు కరెంటు పోతే, అక్కడ భాగస్వామిగా ఉన్న వెస్టర్న్ డిజిటల్ ఒక్కదానికే దాదాపు 6 ఎక్సాబైట్ల (600 కోట్ల గిగాబైట్ల) ఫ్లాష్ నష్టం. అదే ఏడాది చివరి రోజు కొరియాలో శామ్‌సంగ్ హ్వాసంగ్ ప్లాంటుకు ఒక్క నిమిషం పాటు కరెంటు పోయింది, పూర్తిగా కోలుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుపాను వచ్చినప్పుడు ఆస్టిన్‌లో శామ్‌సంగ్, ఎన్‌ఎక్స్‌పీ, ఇన్ఫినియన్ మూడూ ఆపేయాల్సి వచ్చింది, అదీ ముందే చెప్పి ఆపించారు. శామ్‌సంగ్ చెప్పిన లెక్క ప్రకారమే 71 వేల వేఫర్ల (చిప్‌లు తయారయ్యే గుండ్రటి సిలికాన్ పలకల) మీద ప్రభావం పడింది. ఇంత పెద్ద కంపెనీలకు జనరేటర్లు లేక కాదు. వంద మెగావాట్లు పైబడి తాగే ఫ్యాబ్ (వేఫర్ల మీద చిప్‌లు తయారు చేసే ఫ్యాక్టరీ) మొత్తాన్ని బ్యాకప్ మీద నడపాలని సాధారణంగా ఎవరూ కట్టుకోరు. మనుషుల ప్రాణాలకు, యంత్రాల భద్రతకు, మళ్లీ త్వరగా మొదలుపెట్టడానికి ఎంత కావాలో అంతకే ఎక్కువమంది కడతారు.

నీది ఫ్యాబ్ కాదు, ప్యాకేజింగ్ యూనిట్. అంటే నెలల తరబడి వందల స్టెప్పుల్లో తయారయ్యే వేఫర్ మధ్యలో పాడయ్యే బాధ లేదు. కానీ మరీ తేలిగ్గా తీసుకోకు, నీ దగ్గరికి వచ్చే వేఫర్‌లో ఆ నెలల ఖర్చంతా అప్పటికే ఉంటుంది. మోల్డింగ్ ప్రెస్ సంగతి తీసుకో. 175 డిగ్రీల దగ్గర రెసిన్ కరిగి చిప్‌ల మీదికి పారుతున్నప్పుడు ప్రెస్ ఆగిందంటే ఆ రెసిన్ దారిలోనే గట్టిపడిపోతుంది. అప్పుడు మోల్డ్ విప్పి, క్రోమ్ పూత మీద గీత పడకుండా ఇత్తడి పుల్లలతో ఒక్కో సందులోంచి గీకి తీస్తారు మన పిల్లలు, వేడి ఇంకా తగ్గకముందే, చేతులకు రెండు జతల గ్లవ్స్ వేసుకుని. ఒక ప్రెస్‌కు ఒక షిఫ్టు పోతుంది. ఆ పని దగ్గర నిలబడి చూసిన మేనేజర్ ఎవరూ మళ్లీ "చిన్న డిప్పే కదా" అనరు.

సరే, ఏం చేయాలో చెప్తాను.

మొట్టమొదట, ఏ జనరేటర్‌కూ ఆర్డర్ పెట్టకముందే, మీకు కరెంటు ఇవ్వబోయే సబ్‌స్టేషన్ దగ్గర గానీ, ఆ ఫీడర్ మీదే ఇప్పటికే ఉన్న పక్క ఫ్యాక్టరీలో గానీ బతిమాలైనా సరే ఒక పవర్ క్వాలిటీ మీటర్ పెట్టించు. వేవ్‌ఫాం రికార్డు చేసేది కావాలి, మామూలు ఎనర్జీ మీటర్ కాదు. కనీసం ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఉంటే మంచిది, ఎందుకంటే మన దగ్గర ఎండాకాలపు ఉరుముల వానలు ఒక రకం, అక్టోబరు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు ఇంకో రకం. "సరఫరా 99.9 శాతం ఉంటుంది సార్" అని నీకు చెప్పారన్నావు. 99.9 అంటేనే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు కరెంటు లేనట్టు. అది పోనీ అనుకున్నా, ఆ శాతంలో డిప్‌లు అసలు లెక్కలోకే రావు. లైన్‌మన్ దృష్టిలో ఆ రాత్రి మాకు కరెంటు పోనే లేదు, ఆయన లాగ్‌బుక్కులో ఏమీ ఉండదు, అది ఆయన తప్పు కూడా కాదు.

మీటర్ డేటా వచ్చాక ప్రతి డిప్‌నూ ఒక చుక్కగా పెట్టి చూడు, ఎంత లోతు పడింది, ఎంతసేపు ఉంది అని. దాని మీద సెమీ ఎఫ్47 గీత గియ్యి. చిప్ పరిశ్రమ యంత్రాలకు ఉన్న ప్రమాణం అది: ఓల్టేజీ 50 శాతానికి పడితే 200 మిల్లీసెకన్లు, 70 శాతానికి పడితే అర సెకను, 80 శాతానికి పడితే ఒక సెకను యంత్రం ఆగకుండా తట్టుకోవాలి. మా 2019 మే డిప్ 58 శాతం, 110 మిల్లీసెకన్లు, అంటే ఆ గీతకు లోపలే ఉంది. అయినా మేం పడిపోయాం. ఎందుకంటే ప్రొడక్షన్ మెషీన్లు ఆ ప్రమాణంతో కొన్నాం గానీ చిల్లర్లు, కంప్రెసర్లు, పంపులు కొనేటప్పుడు ఆ మాట పర్చేజ్ ఆర్డర్‌లో రాయలేదు. వైర్ బాండర్లు (చిప్‌కు సన్నటి తీగలు కలిపే యంత్రాలు) తట్టుకుని నిలబడ్డాయి, వాటికి గాలీ చల్లదనం ఇచ్చేవి ఆగిపోయాయి. నువ్వు ప్రతి యుటిలిటీ యంత్రం ఆర్డర్‌లోనూ ఆ లైను రాయించు, టెస్ట్ రిపోర్టు అడుగు. ఇప్పుడైతే నీకు ఖర్చు లేదు, యంత్రం వచ్చి కూర్చున్నాక రాయించలేవు.

ఆ తర్వాత మేం చేసిన మరమ్మతు చెప్తే నువ్వు నమ్మవు, అంత చవక. ట్రిప్ అయిన ప్రతి ప్యానెల్ తెరిచి చూస్తే ఎక్కువ చోట్ల నేరం కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) కాయిల్‌ది. ఓల్టేజీ సగానికి పడగానే ఒకటి రెండు సైకిళ్లలో టక్కున వదిలేస్తుంది, కరెంటు తిరిగి వచ్చినా తనంతట తాను పట్టుకోదు. వాటికి డిప్ వచ్చినా వదలకుండా పట్టి ఉంచే హోల్డ్-ఇన్ మాడ్యూళ్లు పెట్టాం, కంట్రోల్ సప్లై అంతటినీ ఒక చిన్న యూపీఎస్ మీదికి మార్చాం. వీఎఫ్‌డీల్లో (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లలో) అండర్ ఓల్టేజీ రాగానే ట్రిప్ కాకుండా, తిరుగుతున్న మోటారు శక్తినే వాడుకుని నిలబడే సెట్టింగ్ ఉంటుంది, కొన్నింటిలో తిరుగుతున్న మోటారునే మళ్లీ పట్టుకునే సెట్టింగ్ కూడా ఉంటుంది, వచ్చినప్పటి నుంచి ఆఫ్‌లోనే ఉన్నాయి, ఆన్ చేశాం. పాడైన ఎస్ఎంపీఎస్‌లు (కంట్రోళ్లకు డీసీ ఇచ్చే పవర్ సప్లైలు) నాలుగు మార్చాం. అంతా కలిపి ఒక డీజీ ధరలో పదో వంతు కూడా కాలేదు. మరుసటి ఏడాది అలాంటి డిప్‌లే వచ్చాయి, లైట్లు మినుక్కుమన్నాయి, ఫోన్లు రాలేదు.

దాని తర్వాత లోడును విడదీయాలి. నీ 8 మెగావాట్లూ ఒకే రకం కాదు. టెస్టర్లు, ఫ్యాక్టరీ సర్వర్లు, గ్యాస్ డిటెక్టర్లు, కంట్రోల్స్, డై అటాచ్ (చిప్‌ను అంటించే), వైర్ బాండింగ్ మెషీన్లలో ముఖ్యమైనవి, ఇవి ఒక్క మిల్లీసెకను కూడా పోకూడదు. ప్లేటింగ్ దగ్గర యాసిడ్ ఎగ్జాస్ట్, స్క్రబ్బర్ (ఆ ఆవిర్లను కడిగే యంత్రం), నైట్రోజన్, అత్యవసర లైట్లు, ఇవి పది పదిహేను సెకన్లు ఆగి రావచ్చు గానీ రాకుండా ఉండకూడదు. రాగి తీగతో బాండింగ్ చేస్తుంటే 5 శాతం హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్ వాడతారు, అక్కడి వెంటిలేషన్, లీక్ డిటెక్షన్ ఈ జాబితాలో పైన ఉండాలి. డీఐ వాటర్ లూప్ గురించి చాలామంది మర్చిపోతారు, నీళ్లు కదలకుండా పైపుల్లో నిలబడితే బ్యాక్టీరియా పెరుగుతుంది, తర్వాత శుభ్రం చేయడానికి పట్టే టైం కరెంటు పోయిన టైం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి కనీసం ఒక చిన్న సర్క్యులేషన్ పంపు ఎమర్జెన్సీ బస్ (గ్రిడ్ పోయినా డీజీల కరెంటు అందే ఉమ్మడి లైను) మీద ఉండాలి. ఆఫీసు ఏసీలు, క్యాంటీను, కొన్ని ఓవెన్లు గంటసేపు ఆగినా కొంప మునగదు. ఇలా విడదీస్తే ఒక్క క్షణం పోకూడని లోడు నీ సైజు యూనిట్‌లో ఒకటిన్నర, రెండు మెగావాట్లకు మించకపోవచ్చు. అసలు డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఆ రెండు మెగావాట్ల మీద.

ఆ రెండు మెగావాట్లను కాపాడడానికి దారులు రెండు. ఒకటి డీజిల్ రోటరీ యూపీఎస్, మా వాళ్లు డ్రప్స్ అంటారు. ఒక ఆల్టర్నేటర్, దానికి ఎప్పుడూ తిరుగుతుండే బరువైన ఫ్లైవీల్ లాంటి భాగం, క్లచ్ అవతల డీజిల్ ఇంజన్. గ్రిడ్ బాగున్నప్పుడు ఆల్టర్నేటర్ మోటారులా తిరుగుతూ ఓల్టేజీని సరిచేస్తుంటుంది. గ్రిడ్ పోగానే ఆ తిరిగే బరువులో ఉన్న శక్తి కొన్ని సెకన్లు లోడును మోస్తుంది, ఆలోగా ఇంజన్ స్టార్టయి క్లచ్ పట్టుకుంటుంది. బ్యాటరీల గది అక్కర్లేదు, పెద్ద ఫ్యాబ్‌లలో బాగా వాడతారు. కష్టం ఏమిటంటే బేరింగుల ఓవర్‌హాల్ దాకా కంపెనీ మనిషే రావాలి, మన దగ్గర ఆ సర్వీసు చెన్నైలో ఉందో లేదో, స్పేర్లు ఎన్ని రోజుల్లో వస్తాయో కాగితం మీద రాయించుకోకుండా కొనకు.

రెండోది బ్యాటరీ స్టోరేజీ, దాంతో పాటు స్టాటిక్ స్విచ్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్). గ్రిడ్‌లో తేడా రాగానే ఆ స్విచ్ పావు సైకిల్‌లో, అంటే దాదాపు 5 మిల్లీసెకన్లలో గ్రిడ్‌ను విడదీస్తుంది, ఇన్వర్టర్ లోడును పట్టుకుంటుంది. లిథియం బ్యాటరీల ధరలు బాగా తగ్గాయి కాబట్టి నీ సైజుకు ఈరోజు నేనైతే ముందు దీన్నే చూస్తాను. ఒక్క షరతు, ఇన్వర్టర్ గ్రిడ్ ఫార్మింగ్ రకం, అంటే ఓల్టేజీని తానే సొంతంగా నిలబెట్టేది, అయ్యుండాలి. గ్రిడ్ ఓల్టేజీని చూసి దాని వెనకాల నడిచే ఇన్వర్టర్, గ్రిడ్ పోగానే తానూ ఆగిపోతుంది. రూఫ్ మీద పెట్టే సోలార్ ఇన్వర్టర్లన్నీ దాదాపు ఈ రకమే. అందుకే సోలార్ పెట్టు, బిల్లు తగ్గుతుంది, కానీ నమ్మకమైన కరెంటు లెక్కలో దాన్ని రాయకు.

ఇక కన్సల్టెంట్ చెప్పిన గ్యాస్ ఇంజన్లు. ఆలోచన చెడ్డది కాదు. జర్మనీలో డ్రెస్డెన్ ఫ్యాబ్ ఆవరణలోనే గ్యాస్‌తో కరెంటు, వేడి, చల్లదనం మూడూ తయారు చేసే కేంద్రాలు ఏళ్లుగా నడుస్తున్నాయి. మన లోడు కూడా దానికి సరిపోయే రకమే, రాత్రీ పగలూ ఒకేలా ఉంటుంది, ఏడాదంతా చల్లటి నీళ్లు కావాలి. మంచి గ్యాస్ ఇంజన్ గ్యాస్‌లోని శక్తిలో 42 నుంచి 45 శాతం కరెంటుగా ఇస్తుంది. మిగతా వేడిలో చాలా భాగాన్ని ఎగ్జాస్ట్ నుంచి, ఇంజన్‌ను చల్లబరిచే జాకెట్ నీళ్ల నుంచి పట్టి, వేడితో పనిచేసే అబ్సార్ప్షన్ చిల్లర్ నడిపితే కరెంటు చిల్లర్ల లోడు తగ్గిపోతుంది. తిరుపతి ఎండల్లో ఇది పెద్ద లాభం. కానీ ఇక్కడే ఒక ఉచ్చు ఉంది: ఇంజన్ ట్రిప్ అయితే కరెంటూ పోతుంది, చల్లదనమూ పోతుంది, రెండూ ఒకేసారి. కరెంటు చిల్లర్ ఒకటి విడిగా సిద్ధంగా లేకపోతే క్లీన్‌రూం నిమిషాల్లో వేడెక్కుతుంది.

"గ్రిడ్‌తో పనే ఉండదు" అన్నది మాత్రం నేను ఒప్పుకోను. లెక్క చూడు. 2 మెగావాట్ల ఇంజన్లు నాలుగు, లోడు 6.4 మెగావాట్లు నడుస్తోంది అనుకో. ఒకటి ట్రిప్ అయింది. మిగిలిన మూడూ కలిసి ఇవ్వగలిగింది 6. నాలుగు వందల కిలోవాట్లు తక్కువ, ఫ్రీక్వెన్సీ జారిపోతుంది, వంద రెండు వందల మిల్లీసెకన్లలో ఏదో ఒక లోడు తీసేయకపోతే మిగతా మూడూ పడిపోతాయి. ఐదో ఇంజన్ పెడితే నిలబడుతుంది, అప్పుడు కూడా ఒక్కో ఇంజన్ మీద ఒక్కసారిగా 320 కిలోవాట్లు ఎక్కుతుంది, అంటే దాని సామర్థ్యంలో 16 శాతం. డీజిల్ ఇంజన్‌కు అది లెక్కే కాదు, గ్యాస్ ఇంజన్‌కు అది అంచు. గ్యాస్ ఇంజన్ ఒక్కసారిగా బరువు ఎత్తలేదు, మెట్టు మెట్టుగా ఎక్కాలి. కొటేషన్ తెచ్చినవాణ్ని ఈ స్టెప్ లోడ్ పట్టిక అడుగు, 45 డిగ్రీల ఎండలో ఎంత ఇస్తుందో కూడా రాసివ్వమను. గ్యాస్ టర్బైన్ గురించి ఎవరైనా మాట్లాడితే ఇంకా గట్టిగా అడగాలి, 15 డిగ్రీల దగ్గర రాసిన మెగావాట్లలో మన మే నెల ఎండకు 15 నుంచి 20 శాతం దాకా ఆవిరైపోతుంది.

మీ మేనేజర్ లెక్కకూ ఇదే జవాబు. 8 మెగావాట్లకు 2 మెగావాట్ల డీజీలు నాలుగు అంటే ఒకటి సర్వీసులో ఉన్న రోజున అంతా నడవదు. ఐదైనా పెట్టాలి, లేదా లోడు విడదీసి నాలుగుతో సరిపెట్టాలి.

అందరూ జారిపడే ఇంకో చోటు ఉంది. సొంత ఇంజన్లను గ్రిడ్‌తో కలిపి నడిపితే డిప్ రాదనుకుంటారు. వస్తుంది. బయట లైను మీద ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్) పడితే గ్రిడ్ కరెంటుతో పాటు నీ ఇంజన్ల కరెంటు కూడా ఆ ఫాల్ట్‌లోకే పారుతుంది, నీ బస్ ఓల్టేజీ కూడా పడిపోతుంది, పైగా ఇంజన్ ఊగి ట్రిప్ అయితే అప్పటిదాకా లేని కొత్త కష్టం. దీనికి మందు, ఇన్‌కమర్ (బయటి లైను లోపలికి వచ్చే చోటు) దగ్గర రియాక్టర్ (కరెంటు ఒక్కసారిగా పారకుండా అడ్డుకునే కాయిల్), దానికి వేగంగా విడదీసే బ్రేకరో స్టాటిక్ స్విచ్చో, తేడా రాగానే గ్రిడ్‌ను వదిలి లోపల ద్వీపంలా నిలబడే పద్ధతి. రిలే (తేడాను పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే పరికరం) సెట్టింగులు ఇంజన్ కంపెనీ ఒక్కటే కూర్చుని చేస్తే సరిపోదు, ఎస్పీడీసీఎల్ (మన కరెంటు పంపిణీ సంస్థ) ప్రొటెక్షన్ వాళ్లను కూడా కూర్చోబెట్టాలి. వాళ్ల హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది కదా, ఆ సౌకర్యం వాడుకో. ఆటో రీక్లోజింగ్ (ట్రిప్ అయిన లైనును బ్రేకర్ తనంతట తానే మళ్లీ కలపడం) ఉంటే అది ఎన్ని మిల్లీసెకన్లకు మళ్లీ కొడుతుందో తెలుసుకోకుండా ఇంజన్లు కలిపితే క్రాంక్‌షాఫ్ట్ మీదికే వస్తుంది.

గ్యాస్ పైపు కూడా ఒక ఫీడరే అని గుర్తుపెట్టుకో. ఎన్నూరులో ఎల్ఎన్‌జీ టెర్మినల్ 2019లో మొదలైంది, మనకు దూరం కాదు, ట్యాంకర్లలో తెచ్చుకుని ఆవరణలోనే నిల్వ చేసుకోవచ్చు కూడా. కానీ ట్యాంకర్ వచ్చేది రోడ్డు మీదే, వానకు ఆ రోడ్డు మునిగితే డీజిల్‌కు ఉన్న కష్టమే దీనికీ. ఇంజన్లు వేరే కంపెనీ పెట్టి కరెంటు మీకు అమ్ముతానంటే ఇంకో మాట, 2005 విద్యుత్ నిబంధనల ప్రకారం అది క్యాప్టివ్ (సొంత వాడకానికి పెట్టుకున్న ప్లాంటు) అనిపించుకోవాలంటే అందులో మీ వాటా కనీసం 26 శాతం, మీ వాడకం కనీసం 51 శాతం ఉండాలి. లేకపోతే సర్‌చార్జీలతో కన్సల్టెంట్ చూపించిన పొదుపు లెక్క తలకిందులవుతుంది. ఫ్యూయల్ సెల్స్ (గ్యాస్‌ను మండించకుండా రసాయన చర్యతో కరెంటు తయారు చేసేవి) గురించి కూడా అడిగావు. తిరిగే భాగాలు లేవు, స్థిరమైన లోడుకు సామర్థ్యం 50 శాతం పైనే, కానీ చల్లబడితే మళ్లీ వేడెక్కడానికి గంటలు గంటలు పడుతుంది, లోడు ఎగుడుదిగుళ్లకు పక్కన బ్యాటరీ తప్పదు. నీ మొదటి దశకు అవసరం లేదు.

ఇప్పుడు డీజీలు. ఇవి కావాలి, తుపాను రోజుకు వీటికి మించింది లేదు. కానీ నా అనుభవంలో డీజీ ఇంజన్ మోసం చేయడం తక్కువ, దాని చుట్టూ ఉన్న చిన్న వస్తువులే ముంచుతాయి. 2016 డిసెంబరు 12, వర్దా తుపాను. చెన్నై దగ్గర తీరం దాటింది, మా వైపూ గాలి, వాన. గ్రిడ్ పోగానే రెండు డీజీలు పన్నెండు సెకన్లలో లోడు తీసుకున్నాయి, అందరం ఊపిరి పీల్చుకున్నాం. సరిగ్గా మూడు గంటలకు రెండూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. డే ట్యాంకు (ఇంజన్లకు నేరుగా డీజిల్ ఇచ్చే చిన్న ట్యాంకు) 990 లీటర్లది, ఖాళీ. బయట పెద్ద ట్యాంకులో డీజిల్ నిండుగా ఉంది. అందులోంచి డే ట్యాంకుకు ఎత్తే పంపు మాత్రం నడవడం లేదు. టార్చి పట్టుకుని కేబుల్ వెంబడి వెళ్తే, ఆ పంపుకు కరెంటు పక్కనున్న యార్డు లైటింగ్ ప్యానెల్ నుంచి ఇచ్చారు, ఆ ప్యానెల్ డీజీ బస్ మీద లేదు, గ్రిడ్ మీద ఉంది. కట్టినప్పుడు దగ్గరగా ఉందని ఎవరో కలిపేశారు. నెలనెలా పది నిమిషాలు ఖాళీగా నడిపి చూసే టెస్టులో డే ట్యాంకు ఎప్పుడూ అడుగుకు దిగలేదు కాబట్టి నాలుగేళ్లు ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి ఇద్దరు కుర్రాళ్లు వానలో తడుస్తూ డ్రమ్ముల్లోంచి చేతి పంపుతో డీజిల్ ఎత్తారు, నేను ఫ్యూయల్ లైనులోంచి గాలి తీస్తూ కూర్చున్నా. ఇంజన్లు మళ్లీ పట్టుకునేసరికి గంటా ఇరవై నిమిషాలు.

అందుకే నీకు చెప్పేది: ఏడాదికి రెండుసార్లు, ఒక ఆదివారం ముందుగా చెప్పి, నిజంగా ఇన్‌కమర్ బ్రేకర్ తెరువు. అసలు లోడు మీద, కనీసం నాలుగు గంటలు. పంపులు, రేడియేటర్ ఫ్యాన్లు, డీజీ గది వెంటిలేషన్, బ్యాటరీ చార్జర్లు, అన్నీ డీజీ కరెంటు మీదే నడుస్తున్నాయా అని ఒక్కో కేబుల్ చూడు. ట్యాంకు అడుగున నీళ్లు, మడ్డి ఎంత ఉందో కూడా అప్పుడే తెలుస్తుంది, మన తేమకు డీజిల్ నిలవ ఉంటే ఫిల్టర్ గిన్నెలో నల్లటి జిగురు కడుతుంది.

డీజిల్ ఎంత పెట్టుకోవాలి? లీటరుకు 3.7 యూనిట్లు అనుకుంటే 8 మెగావాట్లు ఒక రోజుకు 52 వేల లీటర్లు. రెండు రోజులకు లక్షా నాలుగు వేలు, 20 వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు పైనే. దానికి పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు కావాలి, ట్యాంకుల మధ్య దూరాలు కావాలి, స్థలం ఇప్పుడే లేఅవుట్‌లో గీయించు. యూనిట్ ధర కూడా చూడు, లీటరు వంద రూపాయలకు దగ్గర ఉన్నప్పుడు ఒక్క డీజిల్ ఖర్చే యూనిట్‌కు 26, 27 రూపాయలు. అందుకే మొత్తం లోడుకు రెండు రోజులు అనకుండా, ముఖ్యమైన మూడు నాలుగు మెగావాట్లకు మూడు రోజులు అని కట్టుకో. 2021 నవంబరులో తిరుపతి వరదలు చూశావు కదా, స్వర్ణముఖి పొంగి రోడ్లు తెగినప్పుడు ట్యాంకర్ ఎక్కడి నుంచి వస్తుంది? డీజీ గది ప్లింత్ ఎత్తు కూడా ఆ వరద మట్టం చూసే నిర్ణయించు.

రెండు ఫీడర్ల సంగతి. రెండు అనగానే ధైర్యం వస్తుంది, నిజమే. కానీ బండి వేసుకుని సబ్‌స్టేషన్ నుంచి మీ గేటు దాకా లైను వెంబడి ఒకసారి తిరుగు, ఆ ఏరియా లైన్‌మన్‌ను వెంట తీసుకుని. మేం అలా తిరిగితే మూడు కిలోమీటర్లు రెండు ఫీడర్లూ ఒకే స్తంభాల మీద ఉన్నాయి. ఒక చోట జామాయిల్ తోట కొమ్మలు గాలికి తగిలేంత దగ్గర. ఇంకో చోట చెరకు కోశాక రైతు ఆకు తగలబెట్టిన మసి, ఆ మంట, పొగ లైను కిందికి వస్తే గాలే కరెంటును మోస్తుంది, ఫాల్ట్ అవుతుంది. తీరం వైపు ఇన్సులేటర్ల మీద ఉప్పు, దుమ్ము కలిసి పేరుకుని తెల్లవారుజామున మంచు తడికి చిటపటలాడుతుంటాయి. రైతుతో మాట్లాడితే ఆకు పక్కకు లాగి కాల్చుకుంటానన్నాడు, అడిగినవాళ్లే లేరన్నాడు. ఇన్సులేటర్లు కడిగించమని లెటర్ పెట్టాం, చేశారు. మీ రెండు ఫీడర్లు రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి, కనీసం వేర్వేరు ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి, వేర్వేరు దారుల్లో రావాలని ఇప్పుడే పట్టుబట్టు. చివరి కిలోమీటరు భూమిలో కేబుల్ అయితే ఇంకా మంచిది, అయితే దాని మీద జేసీబీ దిగకుండా గుర్తులు, కాపలా ఉండాలి. 2021 ఏప్రిల్‌లో తైవాన్‌లో తైనాన్ సైన్స్ పార్కులో పక్క పనుల కాంట్రాక్టరు భూమిలోని కేబుల్ తెంపేస్తే టీఎస్ఎంసీ వాళ్ల "ఫ్యాబ్ 14" అనే ప్లాంటు గంటల తరబడి డీజిల్ మీద నడవాల్సి వచ్చింది.

మీరు ఒక్కరే కాదు, ఈ చుట్టుపక్కల ఇంకా వస్తాయి. 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ మన రాష్ట్రానికి కూడా ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌ను ఆమోదించింది, ఏడాదికి 9.6 కోట్ల చిప్‌ల సామర్థ్యంతో. రేణిగుంట, శ్రీసిటీ ఎలక్ట్రానిక్స్ యూనిట్లవాళ్లంతా కలిసి డిప్ డేటా ఒకచోట పెట్టి అడిగితే లైన్ల విషయంలో పని జరుగుతుంది. ఒక్కొక్కరు విడిగా అడిగితే "మీ లోపలి వైరింగే చూసుకోండి" అంటారు, నాకు రెండుసార్లు అదే జవాబు వచ్చింది.

కాబట్టి మీ మీటింగులో నా మాటగా ఇది పెట్టు: ముందు మీటర్, తర్వాత లోడు విడదీయడం, కాంటాక్టర్లు, డ్రైవ్‌ల సెట్టింగులు, రెండు మెగావాట్లకు బ్యాటరీ, దాని వెనక డీజీలు. గ్యాస్ ఇంజన్లకు రెండో దశలో స్థలం, పైపు దారి మాత్రం ఇప్పుడే వదిలి పెట్టండి, లోడు పెరిగాక, మీ ఏడాది చల్లదనం లెక్క చేతికొచ్చాక అప్పుడు చూడొచ్చు. ఈలోగా మీ సింగిల్ లైన్ డయాగ్రం (కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే పటం) ఇక్కడ పెట్టగలిగితే పెట్టు, కంపెనీ పేరు చెరిపేసి. డీజీ ఫ్యూయల్ పంపు ఏ ప్యానెల్ నుంచి వస్తోందో ముందు అదే చూస్తాను.